పెట్రోలు వాసన: లైటు చెప్పే సగం, తుప్పు దాచే సగం

మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగం. శీతకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఈ పట్టీలో పదిహేనేళ్లు దాటిన ఎస్‌యూవీ నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: బండిలో పెట్రోలు వాసన వస్తోంది, ఎక్కణ్నుంచి? పై చదువులకని అక్కడికి వెళ్లిన మన పిల్లలు మొదట కొనే బళ్లలో ఇలాంటివీ ఉంటాయి. మంచులో నాలుగు చక్రాలూ లాగాలి, ధర చేతికి అందాలి. ఆ లెక్కకు సరిపోయేది ఓ పాత ఫారెస్టరో, సీఆర్‌వీయో, ఎస్కేపో. వాసన మొదలయ్యాక సలహాలకు కొదవుండదు. ట్యాంకు మూత మార్చమనేవారొకరు, కంప్యూటర్ పెట్టించి కోడ్ చదివించమనేవారొకరు, పాత బండి అంటే అంతే అనేవారొకరు. మొదటి రెండూ ఒక్కోసారి నిజమే. కాకపోతే అవి ఉప్పు తగలని ఊళ్ల బళ్లను దృష్టిలో పెట్టుకుని పుట్టిన సలహాలు. ఉప్పు తిన్న బండికి ఆ వరస తిరగెయ్యాలంటాను. ముందు వాసన ఎప్పుడొస్తోందో గమనించాలి, తర్వాత బండి కిందికి తొంగిచూడాలి, కోడ్ సంగతి ఆ తర్వాత.

అమెరికాలో శీతకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఏడాదికి రెండు కోట్ల టన్నుల పైమాటే. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. క్లీవ్‌లాండ్ గని ఈరీ సరస్సు అడుగున సుమారు 1,800 అడుగుల లోతుకు వెళుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దగ్గరికి వస్తే గానీ నీరు కాదు. దానికి తోడు ఇప్పుడు మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు కూడా చల్లుతున్నారు. వీటికి 30 శాతం చుట్టుపక్కల తేమ చాలు, చెమ్మగిల్లిపోతాయి. రోడ్డు పొడిపొడిగా కనిపించే రోజు కూడా బండి అడుగున మూలల్లో పేరుకున్న మట్టి తడిగానే ఉంటుంది. చలి ముదిరితే తుప్పు మందగిస్తుంది. రాత్రి వెచ్చని గరాజులో పెట్టుకున్న బండికి మాత్రం అంటుకున్న మంచు కరిగి ఆ పని మళ్లీ ఊపందుకుంటుంది. బండిని ముద్దుగా చూసుకున్నవాడికే ఎక్కువ తుప్పు పట్టడం ఇందులోని విచిత్రం. విశాఖ బీచ్ రోడ్డు పక్కన నిలిపిన బండికీ ఉప్పుగాలి తగులుతుంది గానీ అక్కడ ముందు కనబడేది పైరేకుల మీద, తలుపుల అంచుల మీద. సరస్సుల దేశంలో ఉప్పు కింద నుంచి చిమ్ముతుంది. పెట్రోలు గొట్టాలు ఉన్నదీ అక్కడే.

వాసనంటే వెంటనే ప్రాణం మీదికి వచ్చినట్టేనా? పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. మన ముక్కు అందులో వేల వంతు తక్కువ ఉన్నా పసిగడుతుంది. కాబట్టి వాసన తెలిసిన ప్రతిసారీ బండి పేలబోతోందని కాదు. ముక్కుకు ఇంకో గుణం ఉంది: కాసేపటికి అలవాటు పడిపోతుంది. పది నిమిషాల్లో వాసన తగ్గిందని మీకనిపిస్తే కారుతున్నది ఆగిందని నమ్మకండి. దిగి, కాస్త దూరం నడిచి, మళ్లీ వచ్చి చూడాలి. లేదా బండిలో కూర్చోని మనిషిని పిలిచి అడగాలి. ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేలమీద పాకుతుంది. ఇంటికి ఆనుకున్న గరాజులో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాని మంట నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలని అమెరికా నిర్మాణ నిబంధనలు చెప్పేది ఇందుకే. కింద చుక్క కనబడితే, లేదా పెట్రోలుతో తడిసిన చోటు చేతికి తగిలితే, వాదన అనవసరం. ఆ బండి గరాజులో ఉండకూడదు, నడపకూడదు. పీల్చడం సంగతికొస్తే, పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. వాసన కొడుతున్న బండిలో రోజూ గంటసేపు ఆఫీసుకు వెళ్లి రావడం, మంట అంటుకోకపోయినా, మంచిది కాదు.

అసలు చిక్కు బండిలో పెట్రోలు రెండు రూపాల్లో తిరగడం దగ్గర ఉంది. ట్యాంకులోంచి పంపు తోసే ద్రవం సన్నని గొట్టాల్లో ముందున్న ఇంజిన్‌కు చేరుతుంది. పాత తరం ఇంజెక్షన్ బళ్లలో ఆ ఒత్తిడి మూడు నాలుగు బార్ల దాకా ఉంటుంది. ట్యాంకులో లేచిన ఆవిరిది వేరే దారి. అది బొగ్గు నింపిన కెనిస్టర్‌లో ఆగి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు గుండా లోపలికి పోయి కాలిపోతుంది. ఆవిరిని బయటికి వదలకూడదన్న నిబంధన కాలిఫోర్నియాలో 1970 మోడళ్లకు వచ్చింది, మరుసటి ఏడాది దేశమంతటా వచ్చింది. 1996 నుంచి ప్రతి కారులోనూ ఉన్న కంప్యూటర్ వ్యవస్థ ఈ ఆవిరి దారిని కూడా తనిఖీ చేస్తుంది. పీ0455 అంటే పెద్ద చిల్లు. పీ0442 అంటే సుమారు ఒక మిల్లీమీటరు చిల్లు. పీ0456 అంటే అందులో సగం. పీ0457 చాలా బళ్లలో మూత సరిగా బిగించలేదని చెబుతుంది.

పెట్రోలు కారడం విషయంలో చెక్ ఇంజిన్ లైటు చూసేది ఈ ఆవిరి దారిని. పంపు నుంచి ఇంజిన్‌కు పోయే గొట్టానికి తుప్పుతో సన్నని చిల్లు పడి, పెట్రోలు చుక్కలుగా రోడ్డు మీద రాలుతున్నా, ఒత్తిడి బాగా పడిపోతే తప్ప ఆ లైటు వెలగదు. ఎక్కువ ప్రమాదమున్న చిల్లుకి లైటు లేదు, తక్కువ ప్రమాదమున్న చిల్లుకి ఉంది. పైగా ఆవిరి తనిఖీ ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. ట్యాంకు సుమారు 15 నుంచి 85 శాతం మధ్య నిండి ఉండాలి, బండి రాత్రంతా చల్లారి ఉండాలి, బయట వేడి చాలా బళ్లకు 4 డిగ్రీల సెల్సియస్ దాటాలి. డెట్రాయిట్ జనవరిలో ఆ షరతులు వారాల తరబడి కుదరకపోవచ్చు. కనుక ‘లైటు లేదు కదా, ఏమీ లేదులే’ అన్న మాట ఉప్పు పట్టీలో, అందునా శీతకాలంలో, చెల్లదు. లైటు వెలిగి పీ0442 వచ్చిందని వరసగా మూత, పర్జ్ వాల్వు, కెనిస్టర్‌కు బయటి గాలి అందించే వెంట్ వాల్వు మార్చుకుంటూ పోవడం దీనికి రెండో వైపు. కోడ్ చెప్పేది చిల్లు ఉందని, ఎక్కడుందని కాదు. నాలుగు భాగాల డబ్బు పోశాక ఐదోది అసలు చిల్లని తేలిన కథలు ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

కోడ్‌కన్నా నమ్మదగిన సాక్షి వాసన వచ్చే సమయం. పెట్రోలు పోయించుకున్న రోజే వచ్చి, మర్నాటికి తగ్గిపోతే, ట్యాంకు పై భాగమో, పోసే గొట్టమో. గడ్డకట్టే పొద్దున స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాలే వచ్చి, ఇంజిన్ వేడెక్కాక పోతే, ఇంజిన్ మీది రబ్బరు గొట్టాల అతుకులు. హీటర్ ఫ్యాను వేయగానే వస్తే ఇంజిన్ గది, ఎందుకంటే హీటర్ గాలి పీల్చుకునేది ముందు అద్దం అడుగునుంచి. బయటి గాలి మూసి లోపలి గాలే తిరిగేలా మీట మార్చి చూస్తే ఈ అనుమానం సగం తేలుతుంది. నడిపి వచ్చి ఆపిన అరగంటకు, వెనక చక్రం దగ్గర నిలబడితే వస్తే, వేడెక్కిన ట్యాంకులోంచి ఆవిరి ఎక్కడో తప్పించుకుంటోంది. బండి కదులుతున్నంతసేపూ వచ్చి, ఆపగానే పోతే, ఒత్తిడి గొట్టాన్నే ముందు అనుమానించాలి, అన్నిట్లోకీ తొందరపెట్టేది ఇదే. చలికాలపు పెట్రోలు ఉద్దేశపూర్వకంగానే తేలిగ్గా ఆవిరయ్యేలా తయారవుతుంది. మార్చిలో ఉన్నట్టుండి ఒక వెచ్చని రోజు వస్తే ట్యాంకులో ఇంకా చలికాలపు సరుకే ఉంటుంది, నెలల తరబడి దాగిన చిల్లు ఆ రోజు బయటపడుతుంది.

పాత సుబారు ఫారెస్టర్ ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకం లాంటిది. 1998 మోడల్‌గా అమెరికాలోకి వచ్చిన మొదటి తరంలోనూ, 2003–08 నాటి రెండో తరంలోనూ పెట్రోలు పోసే గొట్టం ఇనుముది. కుడివైపు వెనక చక్రం పైన, రేకుల వెనక, దానికి ఓ కవచం ఉంటుంది. చక్రం ఎగజిమ్మే రాళ్ల నుంచి కాపాడాలని పెట్టిందే ఆ కవచం. జరిగింది మరొకటి. ఉప్పు మట్టి ఆ సందులో దూరి, బయటికి రాలేక, ఏళ్ల తరబడి గొట్టాన్ని పట్టుకుని కూర్చుంది. కవచం ఊడదీస్తే గానీ తుప్పు కనబడదు. పైనుంచి మూత తీసి చూస్తే అంతా బాగానే ఉంటుంది. బంకులో పోస్తుండగా కింద సన్నని ధార కారడం, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు బండి వెనక వాసన, తగ్గాక మళ్లీ తర్వాతి సారి దాకా మరపు. ఈ ఆనవాళ్లు కలిస్తే మూత మార్చడం మాని, చక్రం విప్పి కవచం తీయడమే పని. కొత్త గొట్టం దొరుకుతుంది. చేతి పని వచ్చినవాడు ఒక పూటలో మార్చగలడు, తుప్పుపట్టిన బోల్టులు సహకరిస్తే. అవి సహకరించవు. ముందురోజే తుప్పు విడిచే నూనె కొట్టి ఉంచడం తెలివైన పని.

అదే కంపెనీ అదే కాలపు ఇంజిన్లలో పైన చెప్పిన చలి వాసన కూడా ప్రసిద్ధం. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద లోపలగా ఉండే రబ్బరు గొట్టాలు చలికి గట్టిపడి కుంచించుకుంటాయి, క్లాంపు పట్టు సడలుతుంది, చుక్క చుక్కగా పెట్రోలు ఇంజిన్ మీద పడుతుంది. ఇంజిన్ వేడెక్కగానే రబ్బరు మళ్లీ ఉబ్బి ఆ సందు మూసుకుంటుంది. మధ్యాహ్నం వర్క్‌షాపుకు తీసుకెళ్తే ‘మాకేం కనబడలేదు’ అంటారు. వాళ్ల తప్పేం లేదు, అప్పటికి నిజంగానే ఏమీ ఉండదు. బండిని రాత్రంతా వాళ్ల ఆవరణలో చలిలో నిలిపి, పొద్దున్నే వాళ్లనే స్టార్ట్ చేయమనడం ఒక్కటే దారి. తుప్పు వెతుకులాటలో పడి ఈ రబ్బరు సంగతి మరచిపోవడం ఉప్పు పట్టీలో తరచు జరిగే పొరపాటు. బండి తుప్పుపట్టిందన్నంత మాత్రాన ప్రతి జబ్బూ తుప్పుదే కాదు.

ఇక ట్యాంకు. పంపును పట్టి ఉంచే పళ్లెం, దాని చుట్టూ బిగించే రింగు ట్యాంకు నెత్తిన ఉంటాయి. మట్టి పేరుకునే చోటూ అదే. సుబారులో వెనక సీటు కింద మూత తీసి చూడొచ్చు. చాలా అమెరికన్ బళ్లలో ట్యాంకు మొత్తం దించాల్సిందే. ట్యాంకు ముప్పాతిక దాటి నిండినప్పుడే వాసన వస్తే ముందు ఇక్కడే వెతకాలి. ట్యాంకును మోసే పట్టీలు పెట్రోలు కార్చవు గానీ తెగితే ట్యాంకే కిందపడుతుంది. 1997–2004 నాటి ఎఫ్-150 పికప్‌లలో ఈ పట్టీలు తుప్పుతో తెగుతున్నాయని ఫోర్డ్ 2011లో ఉప్పు రాష్ట్రాల్లోని సుమారు 11 లక్షల బళ్లను వెనక్కి పిలిచింది. ఫ్రేము వెంబడి పోయే గొట్టాల విషయంలో అంత స్పష్టత లేదు. 2000ల మొదటి కాలపు జీఎం పికప్‌లు, ఎస్‌యూవీలలో బ్రేకు గొట్టాలు తుప్పుతో పగలడాన్ని జాతీయ రహదారి భద్రతా సంస్థ కొన్నేళ్లు దర్యాప్తు చేసి, రీకాల్ అవసరం లేదంటూ 2015లో ముగించింది. అది ఒక్క కంపెనీ లోపం కాదు, పాత బళ్లన్నిటికీ వచ్చే అరుగుదలేనని తేల్చి, అడుగు భాగం కడుక్కోండి, చూపించుకోండి అని సలహా ఇచ్చింది. ఆ వాదనలో నిజముంది. కానీ దాని బరువంతా పడింది మూడో చేతిలో, నాలుగో చేతిలో బండి కొన్నవాళ్ల మీద. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు చాలా బళ్లలో ఒకే క్లిప్పుల్లో పక్కపక్కన పోతాయి. ఒకటి పగిలిందంటే రెండోది వెంటనే చూసుకోవాలి. క్లిప్పు కింద ఉన్న అంగుళం మేరనే తుప్పు ముందు తినేస్తుంది, ఎందుకంటే మట్టి పట్టేది అక్కడే.

పెట్రోలు వాసన అనిపించి పెట్రోలు కారడం కానివీ కొన్ని ఉన్నాయి. పాత బళ్లలో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ లోపలి పొర చినిగితే దాని వాక్యూమ్ గొట్టంలో పెట్రోలు తడి కనబడుతుంది. ఆ గొట్టం పీకి చూడటం అర నిమిషం పని. నూనె కొలిచే కడ్డీ తీసి వాసన చూస్తే, చలికాలంలో చిన్న చిన్న ప్రయాణాలు మాత్రమే చేసిన ఇంజిన్ నూనెలో పెట్రోలు కలిసిందేమో తెలుస్తుంది. అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది పొగ విషయంలో. సైలెన్సర్ గొట్టం తుప్పుతో చిల్లుపడి, నేల రేకు కూడా తుప్పుతో చిల్లుపడితే, సరిగా కాలని పెట్రోలు పొగ లోపలికి వస్తుంది. ఎస్‌యూవీ వెనక భాగం నిటారుగా ఉండటం వల్ల వేగంలో అక్కడ గాలి పీడనం తగ్గి, వెనక తలుపు రబ్బరు పాడై ఉంటే పొగ అటునుంచీ దూరుతుంది. దానితో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. తలనొప్పి, మత్తు కూడా తోడైతే కిటికీలు దించి బండి పక్కకు ఆపాలి. గొట్టాల వెతుకులాట తర్వాత.

సమయాన్ని బట్టి చోటు ఊహించాక నిర్ధారణకు యంత్రాలున్నాయి. ఆవిరి దారికి పొగ యంత్రం నిజంగా మంచి సాధనం. అతి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే తుప్పు చిల్లులోంచి వెండిపోగులా బయటికి వస్తుంది. అందులో వాడే వాయువు నైట్రోజన్ లాంటిదై ఉండాలి. వర్క్‌షాపు కంప్రెసర్ గాలిని నేరుగా ట్యాంకులోకి కొట్టే మెకానిక్ కనిపిస్తే అక్కణ్నుంచి వచ్చేయండి. ఆ ఒత్తిడికి సెన్సార్లు చెడతాయి, పైగా ట్యాంకులో ఆవిరికి గాలి తోడవుతుంది. ద్రవం కారే చోటుకు పొగ పనికిరాదు. అక్కడ పంపు నడిపి, ఎల్ఈడీ టార్చి వెలుగులో, పొడి కాగితంతో గొట్టం వెంబడి తుడుస్తూ పోవడమే. పాత బల్బు దీపం మాత్రం దగ్గరికి తేకండి, పగిలితే అదే నిప్పు. తుప్పు పైకి పొలుసుగా కనబడిన చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఫ్రేముకైతే అది మంచిదే, ఒత్తిడిలో ఉన్న పెట్రోలు గొట్టానికి కాదు.

మరమ్మతులో పెద్ద వివాదం అతుకు గురించి. తుప్పుపట్టిన ముక్క కోసేసి, మధ్యలో రబ్బరు గొట్టం పెట్టి రెండు క్లాంపులు బిగిస్తే గంటలో పని అయిపోతుంది, ఖర్చు తక్కువ. చాలా షాపులు చేసేది ఇదే. నా దృష్టిలో ఇది రెండు షరతుల మీద మాత్రమే ఒప్పదగినది. మొదటిది, గొట్టం ఇంజెక్షన్ ఒత్తిడికి తయారైనది కావాలి. దాని మీద 30ఆర్9 గానీ, ఆవిరి తక్కువ వదిలే 30ఆర్14 రకానికి ఒత్తిడి అంకె సరిపోయేది గానీ ముద్రించి ఉండాలి. మామూలు 30ఆర్7 కార్బ్యురేటర్ కాలపు తక్కువ ఒత్తిడికి. రెండోది, ఇనుప గొట్టం చివర్లు ఉబ్బెత్తుగా చేసి ఉండాలి, లేకపోతే తుప్పుతో గరుకెక్కిన ఇనుము మీద రబ్బరు నిలవదు, ఒత్తిడికి ఊడిపోతుంది. అంచు ముడిచిన ఇంజెక్షన్ క్లాంపులే వాడాలి, పళ్లున్నవి రబ్బరును కోస్తాయి. కోసిన చోటికి అటూ ఇటూ మంచి లోహం దొరక్కపోతే అతుకు మాట మరచిపోయి పూర్తి గొట్టం మార్చడమే. రాగి–నికెల్ మిశ్రమపు గొట్టాలు తుప్పుకు లొంగవు, చేత్తో వంగుతాయి, అందుకే ఉప్పు రాష్ట్రాల మెకానిక్‌లకు అంత ఇష్టం. ఎలాగూ ట్యాంకు దించినప్పుడు పంపు రింగు, దాని సీలు, పట్టీలు, పోసే గొట్టం రబ్బర్లు అన్నీ ఒకేసారి మార్చకపోతే ఆ శ్రమ వృథా. దించే ముందు పెట్రోలు ఖాళీ చేయించండి. నిండు ట్యాంకు 60 లీటర్లంటే పెట్రోలు బరువే 45 కిలోలు.

అడుగుకు పూసే పూతల మీద ఎవరి నమ్మకం వాళ్లది. కొత్త బండికి నల్లటి రబ్బరు పూత అందమే. తుప్పు మొదలైన బండికి అది కీడు, ఎందుకంటే దాని వెనక తేమ ఇరుక్కుని, మెకానిక్ కంటికి కనబడకుండా పని కానిస్తుంది. ఏటా శరదృతువులో కొట్టే నూనె రకం పూత మురికిగా ఉంటుంది, కారుతుంది, కానీ సందుల్లోకి పాకుతుంది. పాత బండికి అదే మేలు. పైపైన నల్లగా నిగనిగలాడే అడుగున్న పాత బండి అమ్మకానికి వస్తే నేనైతే రెండు మెట్లు వెనక్కి వేస్తాను.

కొనేటప్పుడు ప్రభుత్వ తనిఖీ కాగితాన్ని నమ్ముకోవడమూ ఇలాంటిదే. మిషిగన్, ఒహాయోల్లో సొంత కార్లకు ఏటా భద్రతా తనిఖీ లేదు. న్యూజెర్సీ 2010లో ఎత్తేసింది. పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో ఉంది. క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల కౌంటీల్లో జరిగే పొగ పరీక్ష కోడ్‌లను చూస్తుందే తప్ప బండి కింద గొట్టాన్ని చూడదు. లైటు వెలుగుతున్న బండిని అమ్మేవాడు కోడ్ చెరిపేసి చూపించడం పాత ఎత్తు. చవక స్కానర్ పెట్టి చూస్తే ఆవిరి తనిఖీ ‘ఇంకా పూర్తి కాలేదు’ అని వస్తుంది. చలికాలమైతే అది నిజాయితీగా కూడా రావచ్చు, వేసవిలో వస్తే అనుమానించాల్సిందే. 2001, ఆ తర్వాతి మోడళ్ల బళ్లకు ఒక తనిఖీ అసంపూర్తిగా ఉన్నా పరీక్షలో పాస్ చేయడం ఎక్కువ రాష్ట్రాల పద్ధతి. కాబట్టి పాస్ అయిన కాగితం చేతిలో ఉన్నా ఈ ఒక్క గడి ఖాళీగా ఉండొచ్చు. బేరం కుదరక ముందే ట్యాంకు నిండా పోయించి, వెనక కుడి చక్రం పక్కన ఐదు నిమిషాలు నిలబడి, తర్వాత బండిని లిఫ్టు ఎక్కించి చూపించమనండి. లిఫ్టు ఎక్కించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడే వదిలేయొచ్చు.